రెండు ముక్కల బుకింగ్

"రెండు ముక్కలుగా రాయమ్మా," అంది నోయెలీన్, నా కౌంటర్ మీద మోచేతులు ఆనించి. "ఏప్రిల్ ఆఖరుదాకా వానాకాలం రేటుకి ఒక బుకింగ్. మే నుంచి టూరిస్టుల రేటుకి ఇంకొకటి. ఒకటే రాస్తే మీవాళ్లు మొత్తానికీ పెద్ద రేటే వేస్తారు. పోయినేడాది అలాగే మోసపోయాను."

ఆస్ట్రేలియా ఉత్తరాన డార్విన్‌లో మాది ఆస్పత్రి పక్క మోటెల్. ఇక్కడ ఏప్రిల్ దాకా వానలు, గదులు చవక; మే నుంచి టూరిస్టులొస్తారు, రేటు పెరుగుతుంది. ఇలాంటి బేరాలు మాకు అలవాటే.

"మొదటి ముక్క చాల్లే," అన్నాడు వెనక కుర్చీలోంచి ఆమె భర్త డెస్.

"నీ వైద్యం జూన్ దాకా ఉందిగా. నాకంటే పిసినారివయ్యావేంటి?"

"ఇందాక నువ్వు కారు తేవడానికి వెళ్లినప్పుడు డాక్టరమ్మ చెప్పింది, నోయెలీన్. నేను మే నెల చూస్తే గొప్పేనంది."

నోయెలీన్ వెనక్కి తిరగలేదు. బయట రేకుల మీద వాన దంచుతోంది.

"రెండోది కూడా రాయి తల్లీ," అంది నాతో.

"మేలో రేటు బాగా ఎక్కువండీ," అన్నాను.

"అయితే ముక్కలు చెయ్యకు. జూన్ దాకా ఒకటే రాయి. మొత్తానికీ పెద్ద రేటే వేసుకో."