గేటు బయట ఇచ్చిన కవరు

"లోపలికి రానండి. నన్ను రమ్మనకండి" అన్నాడు దుర్గాసాయి గేటు బయటే ఆగిపోయి.

కేశవరావు ప్రెస్సు దగ్గర నుంచి చేతులు తుడుచుకుంటూ లేచాడు. ఈ కుర్రాడి కోసం ఆయన నెల రోజులుగా కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నాడు. దుర్గాసాయి రైలు వంతెన కడుతున్న కాంట్రాక్టరు దగ్గర గుమాస్తా. ప్రభుత్వం డబ్బుతో కట్టే వంతెన కాబట్టి, పట్టాల కింద వేసే రబ్బరు ప్యాడ్లు కూడా దేశంలో చేసినవే వాడాలని రూలు. చేసేవాళ్ళెవరూ ముందుకు రాలేదని తేలితే ఆ ఒక్క వస్తువుకీ రూలు సడలించి, పై దేశం నుంచి తెప్పించుకోనిస్తారు. కాంట్రాక్టరు కోరిక అదే. కాకపోతే అంతకుముందు, చేస్తానన్నవాడి చేతికి నోటీసు ఇచ్చి, సంతకం తీసుకుని, జవాబు కోసం వారం రోజులు ఆగాలి. చేస్తానన్నవాడు కేశవరావు ఒక్కడే. ఆ నోటీసు తేవలసింది ఈ కుర్రాడే.

మలికిపురం రోడ్డు మీద రేకుల షెడ్డు, ఒక ప్రెస్సు, పదకొండు మంది పనివాళ్ళు. అంతే ఆయన ఫ్యాక్టరీ. రబ్బరులో కొబ్బరిపీచు కలిపి ఆ ప్యాడ్ చెయ్యడానికి మూడేళ్ళు పట్టింది. శాంపిళ్ళు పరీక్షలో నెగ్గాయి. నోటీసుకి జవాబు కూడా ముందే రాసి పెట్టుకున్నాడు, తేదీ ఒక్కటే ఖాళీ. ఈ ఆర్డరు రాకపోతే షెడ్డుకి తాళమే. ఆ మాట పనివాళ్ళకీ చెప్పేశాడు, దాచుకోవడం చేతకాక.

"తెచ్చేవా బాబూ?" అనబోయి, కుర్రాడి ముఖం చూసి ఆగిపోయాడు. మాసిన గడ్డం. కాళ్ళకి చెప్పుల్లేవు.

"నాన్నగారు పోయేరండి. మొన్న మంగళవారం."

"అయ్యయ్యో! ఏమైంది బాబూ?"

"పడుకున్నవారు పడుకున్నట్టే పోయేరండి. కర్మ అన్నయ్య చేస్తున్నాడు. కార్డులు పంచడం నా వంతు." కవరు అందించి, వెంటనే ఒక పుస్తకం తెరిచాడు. "ఇక్కడో సంతకం పెట్టండి. భోజనాలకి ఎంతమందో తెలియాలి కదండీ."

దినం కార్డుకి సంతకమేమిటని ఇంకొకడైతే అడిగేవాడు. తండ్రి పోయినవాణ్ణి ప్రశ్నలడగడానికి కేశవరావుకి నోరు రాలేదు. కుర్రాడు వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెట్టేశాడు. దుర్గాసాయి వెళ్ళొస్తానని అనలేదు. అలాంటి పని మీద వచ్చినవాళ్ళు అనరు. తల వంచుకుని బండెక్కి వెళ్ళిపోయాడు.

కేశవరావు అక్కడే నిలబడి కవరులోంచి కార్డు సగం పైకి లాగి చదివాడు. కె.గంగవరంలో, పై శుక్రవారం పదకొండో రోజు.

"చదివేరా?" షెడ్డు పక్కనే ఉన్న ఇంట్లోంచి భార్య వీరవేణి కేకేసింది. "అక్కడే చించెయ్యండి. గుమ్మం దాటించకండి!"

"ఆయ్, చించేస్తున్నా."

కవరు కాస్త మందంగానే ఉంది. కవరుతో సహా నాలుగు ముక్కలు చేసి కాలవలో వేసి, కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చాడు.

"నోటీసు సంగతి అడక్కపోయేరా?" అంది వీరవేణి.

"ఆ దుఃఖంలో ఉన్నవాణ్ణి ప్యాడ్ల గురించి అడగమంటావా? కర్మ అవ్వనీ."

మంచితనానికి కూడా ఒక వేళా పాళా ఉండాలి. ఆయనకి అది ఎప్పుడూ లేదు.

శుక్రవారం పొద్దున్న కె.గంగవరం వెళ్తూ, దారిలో అమలాపురంలో రైల్వే ప్రాజెక్టు ఆఫీసు మెట్లెక్కాడు. ఊరికే, ఏమైనా తెలుస్తుందని. అక్కడి గుమాస్తా ఫైలు తిరగేశాడు.

"మీ గడువు నిన్న సాయంత్రంతో అయిపోయిందండి. జవాబు రాలేదు కదా! రూలు సడలిస్తూ ఈ సాయంత్రమే ఉత్తర్వు వెళ్తుంది."

"నాకసలు నోటీసే రాలేదండి!"

గుమాస్తా ఫైలు ఇటు తిప్పాడు. 'నోటీసు అందినది' అన్న అక్షరాల కింద సంతకం. "ఇది మీదేనాండి?"

"నాదేనండి" అన్నాడు కేశవరావు. ఆ కవరు మందం మళ్ళీ వేళ్ళకి తగిలినట్టయింది. పదకొండు మంది ముఖాలూ కళ్ళ ముందు తిరిగాయి.

"దీనికింక దారి లేదాండి?"

"ఇచ్చినతను వచ్చి, నోటీసు అని చెప్పకుండా ఇచ్చేనని రాసిస్తే ఆపుతారండి. సాయంత్రం లోపు రావాలి మరి."

కేశవరావు ఊపిరి పీల్చుకున్నాడు. దుర్గాసాయి మీద ఆయనకి కోపం రాలేదు సరికదా, జాలేసింది. పాపం, ఆ దుఃఖంలో కార్డూ నోటీసూ ఒకే కవరులో పెట్టేసి చెప్పడం మరిచిపోయి ఉంటాడు. తండ్రి కర్మ రోజున ఎవడైనా అబద్ధమాడతాడా? తప్పకుండా రాసిస్తాడు. ఆటో మాట్లాడుకుని, దారంతా దేవుడికి దణ్ణాలు పెట్టుకుంటూనే వెళ్ళాడు.

కె.గంగవరంలో అడగ్గానే ఇల్లు చూపించారు. ఇంటి ముందు షామియానా లేదు. వంటలు తోటలో పెట్టుకున్నారేమో అనుకున్నాడు. అరుగు మీద ఒక పెద్దాయన పేపరు చదువుకుంటున్నాడు.

"దుర్గాసాయి గారిల్లు ఇదేనాండి?"

"ఇదేనండి. ఎండన పడి వచ్చినట్టున్నారు. కూర్చోండి, కాఫీ తెమ్మంటాను."

"ఈ పూట కాఫీలేం వద్దండి. పనులన్నీ సవ్యంగా జరుగుతున్నాయాండి?"

"ఆయ్, మీ దయ వల్ల."

కేశవరావు అరుగు చివర కూర్చుని కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. "పెద్దాయనది ఒకరి చేత చేయించుకోని చావంట. పుణ్యాత్ములు. మీరాయనకి ఏమవుతారండి?"

"ఏ పెద్దాయనకండి?"

"అదేనండి, దుర్గాసాయి వాళ్ళ నాన్నగారికి."

పెద్దాయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"వాడి నాన్నని నేనేనండి."