బోటు నీళ్ళు

దోహాల ఓ హోటల్ ముందటి నీళ్ళల్ల గజేందర్ బోటు నడుపుతడు. మధ్యాహ్నం ఎండకు ఎక్కేటోళ్ళు లేరు. అప్పుడే ఊర్నుంచి పెండ్లాం శోభ వీడియో కాల్ చేసింది.

"వాగు మీది డ్యాం నిండింది."

"మన కాలువకు నీళ్ళిడిసిండ్రా?"

"ఇడువరట. డ్యాంల టూరిస్టుల కోసం బోట్లు పెట్టిండ్రు. నీళ్ళు తగ్గితే అవి తిరగవట. ఇగ ముందటికి కొత్త కాలువలు గూడ లేవన్నరు."

కాలువ పారినంక ఇంటికి పోవాలనే గజేందర్ ఇన్నేండ్లు ఈడ ఉన్నడు.

"బోటు నడిపేటోళ్ళు కావాలంటే నీ పేరు చెప్పిన," అన్నది శోభ. "ఇగ వచ్చెయ్."

ఈ మాట కోసమే బతికిండు.

"మరి పోసిన నారు?"

శోభ ఫోన్ తిప్పింది. నారుమడి నిండ వాళ్ళ మేకలే.

"ఎండుడు కంటే అవన్న తింటయని నేనే తోలిన."