కర్రపెండలం ఆకు రంగు

ఇంకాస్త దగ్గరికి జరుగు తల్లీ, ఫ్యాను చప్పుడులో సగం మాట పోతుంది. ఇది మన మలేసియాలోనే, సుంగై సిపుట్‌లో మనవాళ్లింట్లో జరిగిన సంగతి.

"చొక్కా ఇప్పేసి కొండ దిగిపో," అన్నాడు కృష్ణకుమార్.

అతని మేనత్త కొడుకు రూబన్ బిత్తరపోయాడు. వాడు చేసిన తప్పల్లా సిపాయి వేషం ఖాకీ చొక్కాకి ప్లాస్టిక్ గుండీలు కుట్టించుకోవడం.

"గుండీయే లా, బావా. దూరంనుంచి ఎవులికి కనపడతాది?"

"నాకు కనపడతాది. జపానోడి యుద్ధంనాడు ఏ సిపాయికుంది ప్లాస్టిక్ గుండీ?"

రూబన్ దిగిపోయాడు. కృష్ణకుమార్ పట్టింపు అలాంటిది. ఏడాదికోసారి పోర్ట్ క్లాంగ్ నుంచి ఇళంగోవన్ అనే పెద్దమనిషి తన బృందంతో వచ్చి, ఆనాటి దుస్తులు వేసుకుని, ఆ కొండమీద జరిగిన యుద్ధాన్ని ఆడి చూపించేవాడు. ఈసారి ఫిరంగి నేను పెడతానని కృష్ణకుమార్ అడిగి మరీ తీసుకున్నాడు. అడిగే హక్కు ఉంది మరి. ఆనాడు అక్కడ ఫిరంగి దగ్గర నిలబడ్డది అతని అమ్మమ్మ దాలమ్మను కన్నతండ్రి, తాతబాబు. ఇళంగోవన్ షరతు ఒక్కటే. అప్పుడెలా ఉందో అలాగే ఉండాలి. ఉంటే కొండమీద రాతిపలక వేసి తాతబాబు పేరు చెక్కిస్తారు. తేడా వస్తే ఫిరంగీ లేదు, పేరూ లేదు.

తాతబాబు రబ్బరు తోటలో వడ్రంగి. రబ్బరు షీట్లు సర్దే పెట్టెలు చేసేవాడు. తెల్లవాళ్ల సైన్యం వచ్చి, చేవగల మనిషని ఆయన్ని కొండమీదికి పట్టుకుపోయిందట. ఆ ఫిరంగి కనపడగానే జపాను విమానాలు బాంబులన్నీ కొండమీదే గుమ్మరించాయి. కింద వంతెనమీద ఒక్కటీ పడలేదు, సైన్యమంతా దాటిపోయింది. ఆ బాంబుల మధ్య తాతబాబు కదలకుండా నిలబడ్డాడు. తరవాత జనం ఆయన్ని ఫిరంగి తాతబాబు అని పిలిచేవారు. పిలిచినప్పుడల్లా ఆయన తల దించుకుని పక్క దారిన పోయేవాడు. ఎంత అణకువో అని అందరూ చెప్పుకునేవారు.

కృష్ణకుమార్ దాలమ్మను గుచ్చిగుచ్చి అడిగాడు. తొంభై దాటిన మనిషి, అప్పటికి చిన్నపిల్ల. పేలితే ఎలా వినపడేదని అడిగితే, సప్పుడు నాకు తెలీదు బాబూ అనేసింది. రంగు మాత్రం గుర్తుందట. సాయంత్రం తండ్రి ఇంటికొస్తే చేతులనిండా పచ్చరంగు ఉండేదట, అచ్చం కర్రపెండలం ఆకులా. ఇక అతను పెరట్లో ఆకు కోసి జేబులో పెట్టుకుని ఇపో పట్నం దాకా రంగుల దుకాణాలన్నీ తిరిగాడు.

రంగు కుదిరింది కానీ గొట్టమే కుదరలేదు. ఇనుప గొట్టం పెడితే పోలీసుల అనుమతి కావాలన్నారు. అది రాలేదు. ఆ మాట ఇళంగోవన్‌తో చెప్పడానికి కృష్ణకుమార్‌కి నోరు రాలేదు. పలక పోతుందని భయం. షెడ్డు తలుపులు మూసుకుని రబ్బరు చెట్టు చెక్కతో గొట్టం చేశాడు. ఎవరడిగినా ఇనుమే అన్నాడు. దాలమ్మ అడిగితే ఆవిడ మొహం చూడకుండా అదే చెప్పాడు. గుండీకి మనిషిని తరిమేసినవాడు, కడుపులో అంత అబద్ధం పెట్టుకుని తిరిగాడు.

ఆటరోజు పొద్దున, ఆకు పక్కన పెట్టి చూస్తే రంగు కాస్త ముదురనిపించి, మళ్లీ ఒక పూత వేశాడు. అది ఆరలేదు. మధ్యాహ్నం సుంగై సిపుట్ వాన నీకు తెలిసిందే కదా. టెంటు కింద ముందు కుర్చీలో దాలమ్మ, చుట్టూ ఊరంతా. పచ్చరంగు ధారలు కట్టింది. బురదలో చక్రం జారింది. జారిపోతున్న ఫిరంగిని కృష్ణకుమార్ రెండు చేతులా పట్టుకున్నాడు, ఆగలేదు. గొట్టం రాతికి కొట్టుకుని నిలువునా చీలింది. లోపల తెల్లగా చెక్క.

ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత అందరూ నవ్వారు. రూబన్ మాత్రం నవ్వలేదు. దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు.

"నా గుండీ ప్లాస్టిక్కు, సరే. నీ ఫిరంగేటి, బావా?"

ఇళంగోవన్ కోప్పడనైనా లేదు. నీ దగ్గర ఇది అనుకోలేదు కుమార్ అని, దాన్ని దింపించెయ్యమని తన మనుషులకి చెప్పి అటు తిరిగిపోయాడు.

కృష్ణకుమార్‌కి భూమి చీలితే బాగుండుననిపించింది. ఈలోపు దాలమ్మ కర్ర ఊతంగా వానలోనే వచ్చింది. చీలిన చెక్కను తడిమి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా మూలంగా ఇంత ముసలిదానికి నలుగురిలో తలవంపులు అనుకుని అతను బురదలోనే కూలబడ్డాడు.

"మీ అయ్య పరువు తీసేసినాను, అమ్మమ్మా."

ఆవిడ మనవడి చేతులు రెండూ పట్టుకుని తిప్పి చూసింది. వేళ్ల సందుల్లో, గోళ్లలో పచ్చరంగు. కొంగుతో తుడిచింది, పోలేదు.

"పోదు," అంది. "మా అమ్మ సబ్బెట్టి తోమినా పోయీది కాదు. ఎవులికీ సెప్పనని మా అయ్య నా సేత ఒట్టేయించుకున్నాడు. సచ్చీదాకా తలెత్తనేదు."

ఆ తరవాత ఆవిడ అన్నది ఒక్కటే మాట. నీ పిల్లలకి ఈ కథ చెప్పేటప్పుడు మిగతాది ఎలా చెప్పినా సరే, ఆ మాట మాత్రం గుర్తు పెట్టుకుని ఆవిడ అన్నట్టే చెప్పు తల్లీ.

"మా అయ్య సేసిందీ సెక్క ఫిరంగేరా."