తీగ కనబడకూడదు

"ఎయిర్‌బ్యాగ్ ముందు నుంచి తీగ లాగేవాడు పనివాడు కాడమ్మా, హంతకుడు," అన్నాడు డెల్బర్ట్, బ్యూయిక్ కారు ముందు అద్దం పక్కనున్న ప్లాస్టిక్ పట్టీని మెల్లగా ఊడదీస్తూ. "వెనక నుంచి తీసుకెళ్ళాలి. రేపు కారు దేనికైనా గుద్దుకుంటే, ఉబ్బే సంచికి తీగ అడ్డం పడకూడదు."

"మీకు తెలియందేముంది," అంది కారు తలుపు దగ్గర నిలబడ్డ ఆమె.

ఉదయం పది దాటింది. గోధుమచేల మీది గాలి షెడ్డులోకి దుమ్ము మోసుకొస్తోంది. ఇంటిని ఆనుకుని ఉన్న ఈ షెడ్డులోనే డెల్బర్ట్ నలభై ఏళ్ళుగా కార్లకు రేడియోలు బిగిస్తున్నాడు. ఆయన బిగించిన రేడియోకి అసలు తీగ ఉందని ఒట్టు వేసి చెప్పినా ఎవరూ నమ్మరని చుట్టుపక్కల ఊళ్ళలో పేరు.

"పేరేమన్నారు?"

"లియోనా."

"మంచి పేరు." ఆయన పట్టీని వెలుగులోకి తిప్పి చూసి మొహం చిట్లించాడు. "ఈ క్లిప్పులన్నీ వదులైపోయాయి. అంచుల నిండా గీతలు. ఎవరో చేతకానివాళ్ళు పీకి పారేసినట్టున్నారు."

"నేనేనండీ."

"అయ్యో, మీరా! ఏమీ అనుకోకండి. మా ఆవిడ ఎప్పుడూ అంటుంది, నా నోటికి తాళం లేదని."

"ఆవిడ అన్నది నిజమే," అందామె. ఇద్దరూ నవ్వారు.

డెల్బర్ట్ కారు కప్పు మీద అగ్గిపెట్టెంత యాంటెన్నా పెట్టాడు. అయస్కాంతం టక్కున అతుక్కుంది. తీగను రబ్బరు అంచు కిందికి నొక్కుతూ వచ్చాడు. చర్మం ముడతలు పడింది గానీ ఆ వేళ్ళకు ఇంకా తడబాటు లేదు.

"శాటిలైట్ రేడియో ఎందుకు పెట్టించుకుంటున్నారు? దూరాలు తిరుగుతారా?"

"హేస్ ఊరు దాటితే మామూలు స్టేషన్లన్నీ గరగరే కదా. ఒక్కదాన్నే నడుపుతాను. పక్కన మాట్లాడే మనిషి లేకపోతే దారి సాగదు."

"మరి మీ ఆయన?"

"ఈమధ్య దూరంగా ఉంటున్నారు."

"పనిమీదా?"

"అలాంటిదే."

"వస్తారులెండి."

"వస్తారు, అప్పుడప్పుడు. ఎక్కువసేపు ఉండరు."

డెల్బర్ట్‌కు జాలేసింది. ఇంత నెమ్మదైన మనిషిని వదిలేసి తిరిగే మొగుణ్ణి ఏమనాలో తోచలేదు. ఆమెను నవ్వించాలనిపించింది.

"మా ఆవిడకి తీగ వేలాడితే ఒళ్ళు మంట. పెళ్ళైన కొత్తలో మా పాత పికప్ బండిలో టేప్ రికార్డర్ పెట్టాను. తీగ ఆవిడ కాలికి చుట్టుకుని కొత్త మేజోళ్ళు చిరిగిపోయాయి. చర్చి దాకా తిట్టింది."

"తిరిగొచ్చేటప్పుడు కూడా తిట్టే ఉంటుంది."

"అబ్బో, మరింత గట్టిగా! ఆ రోజే నేర్చుకున్నాను ఈ విద్య. ఊరంతా నన్ను మెచ్చుకుంటారు గానీ, నాకు గురువు ఆవిడే."

ఆమె మొహం అటు తిప్పుకుని చేల వైపు చూసింది.

తీగ సీటు ఎదుటి గ్లవ్ బాక్స్ అర వెనక్కి చేరింది. రేడియోకి కరెంటు కలపాలి. డెల్బర్ట్ చేతిలో ఎర్ర తీగ కొస పట్టుకుని ఆగిపోయాడు. తర్వాతేమిటి? కళ్ళ ముందు తెల్లటి పొగ కమ్ముకున్నట్టయింది.

"ఫ్యూజుల పెట్టె అటు, మీ మోకాలి పక్కన అనుకుంటా," అంది లియోనా నెమ్మదిగా.

"ఆ... అవును. మీకెలా తెలుసు?"

"ఎక్కడో చూశాను."

ఫ్యూజు దగ్గర తీగ కలిపాడు గానీ, కాసేపు లేవలేదు. కారు తలుపు గడప మీద కూర్చుని చేతులకేసి చూసుకున్నాడు.

"మీరు పైమనిషి కాబట్టి చెబుతున్నాను. ఈమధ్య నాకు మతి నిలవడం లేదమ్మా. తెలిసిన పనే, చేస్తుంటేనే జారిపోతుంది. ఒక్కోసారి ఏ వారమో కూడా తెలియదు. భయమేస్తోంది."

"ఇంట్లో చెప్పారా?"

"చెప్పను. మీరు కూడా ఎక్కడైనా మా ఆవిడ కనిపిస్తే అనకండి. పైకి గట్టిదే గానీ, ఇది తట్టుకోలేదు. నాకు మాటివ్వండి."

లియోనా ముందుకు వంగి, దుమ్ము కొట్టుకున్న ఆ చెయ్యి పట్టుకుంది. పైమనిషి పట్టుకునేదానికన్నా కాసేపు ఎక్కువే పట్టుకుంది.

"ఆవిడకి చెప్పను. ఒట్టు."

డెల్బర్ట్ మనసు తేలికైంది. లేచి పట్టీలు నొక్కి బిగించాడు, రేడియో తిప్పాడు. ఎక్కడి నుంచో అకార్డియన్ పాట ఒకటి గరగర లేకుండా స్వచ్ఛంగా షెడ్డంతా నిండింది. కారులో ఎక్కడా వెంట్రుకంత తీగ కనబడలేదు.

"మీ ఆయన వచ్చినప్పుడు చూపించండి. తీగ ఎక్కడుందో కనిపెడితే నా పేరు మార్చుకుంటాను."

"ఆయన కనిపెట్టలేరు. ఎంత బాగా చేశారండీ!"

ఆ మాటకు ఆయన మొహం పసిపిల్లాడిలా వెలిగింది. చేతులు తుడుచుకుని, "శుక్రవారం కదా, చిక్కుళ్ళ సూప్ చేసి ఉంటుంది. ఆలస్యమైతే ఊరుకోదు. వస్తానమ్మా," అంటూ ఇంట్లోకి నడిచాడు. ఆ రోజు మంగళవారం.

లియోనా పాట అయ్యేదాకా సీట్లో కూర్చుంది. తర్వాత రేడియో కట్టేసి, పట్టీ కిందికి గోళ్ళు పోనిచ్చి ఊడబెరికింది. రబ్బరు కింది నుంచి తీగను బారెడు బారెడుగా లాగింది. యాంటెన్నా తీసింది. అన్నీ చుట్టచుట్టి, కొత్తవాటిలా పెట్టెలో సర్ది, మూత పెట్టింది.

రేపు పొద్దున తన భర్తకు మళ్ళీ పని కావాలి.