కారం లేని సాసు

మిరపకోత నుంచి వచ్చిన పేరమ్మ నడుం వాల్చకుండానే దొడ్లో పండిన టమాటాలన్నీ కోసుకొచ్చింది. ఉడకబెట్టి, తొక్కలు తీసి, గింజ తగలకుండా వడకట్టి, ఆ గుజ్జు చిక్కబడేదాకా పొయ్యి ముందే కూర్చుని కలిపింది. కళ్లు మూతలు పడుతున్నాయి. చిటికెడు కారం కూడా వెయ్యలేదు. నోటి క్యాన్సర్‌కు ఆసుపత్రిలో రేడియేషన్ కరెంటు పెట్టించుకున్నాక భర్త రాఘవులు కారం తినలేకపోతున్నాడు.

సాసు కలిపిన మెత్తటి అన్నం నోట్లో పెట్టుకోగానే అతను మొహం చిట్లించాడు.

"ఏందే ఇది, ఇంత పుల్లగా ఉంది?"

పేరమ్మకు ఒళ్లు మండింది.

"పొద్దుటి నుంచి చేలో వంగీ వంగీ నడుం పడిపోయిందయ్యా నాకు. ఇంటికొచ్చి ఇంతసేపు పొయ్యి దగ్గర మగ్గింది నీ కోసమేగా! తింటే తిను, లేకపోతే..."

మాట మధ్యలోనే ఆగిపోయింది.

కరెంటు పెట్టించుకున్నప్పటి నుంచి ఏం వండినా రాఘవులు "బాగుందే" అనేవాడు. కూరలో ఉప్పు మరిచిపోయిన రోజు కూడా అదే మాట. అతని నాలుకకు రుచి తెలియడం లేదని ఆమెకు అప్పుడే అర్థమైంది. కానీ బయటపడలేదు.

"మళ్లీ చెప్పయ్యా," అంది మెల్లగా.

"పుల్లగా ఉందే పేరమ్మా," అన్నాడు. ఇంకో ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

పేరమ్మ అతని పక్కనే నేలమీద కూర్చుంది.

"రేపు కాస్త బెల్లం వేస్తాలే."

"వద్దొద్దు," అంటూ రాఘవులు కంచం ముందుకు జరిపాడు. "ఇంకొంచెం వెయ్యి."