వెచ్చని గోడ

“అబ్బ, గోడ ఎంత వెచ్చగా ఉందో! అమ్మ పొయ్యి రాజేసినట్టుంది,” అంటూ శ్రీరమ్య నాయనమ్మ మంచం మీద చేరగిలబడింది. తాడేపల్లి హాస్టల్ నుంచి వచ్చి ఇప్పుడే బస్సు దిగింది. సోమవారం పరీక్ష. చెప్పులు విప్పగానే పుస్తకం తెరిచింది.

పక్కనే నాయనమ్మ రాఘవమ్మ అరచెయ్యి గోడకు ఆనించి కూర్చుంది.

లోపలి నుంచి ఆమె కొడుకు రోశయ్య వచ్చాడు. వీపున స్ప్రేయర్. పుష్యమాసపు చలిలోనూ చొక్కా చెమటకు తడిసిపోయింది. తను వచ్చిన తలుపు బిగించి గొళ్ళెం పెట్టాడు.

“చేలో పత్తంతా తీశాంగదరా, ఇంకేం మందు?”

“మందు కాదమ్మా, నీళ్ళే. రేపు లారీ వచ్చి కాటా అయ్యేదాకా నువ్వు నోరు తెరవమాక. ఏడాది కష్టం!”

అతను లారీ సంగతి కనుక్కోవడానికి వెళ్ళిపోయాడు. రాఘవమ్మ మనవరాలి వైపు తిరిగింది.

“ఏం చదువుతున్నావే?”

“అగ్నిపర్వతాలు.”

“దానికి మంట ఎవరు పెడతారే?”

“ఎవరూ పెట్టరు నాయనమ్మా. వేడి లోపలే ఉంటుంది. బయటికి దారిలేక ఒత్తిడి పెరుగుతుంది.”

“పైకి కనపడదా?”

“ఏళ్ళ తరబడి కనపడదు. కొన్నిటి మీద మంచు కూడా ఉంటుంది, తెల్లగా.”

“తెల్లగానా?” రాఘవమ్మ గొంతు తగ్గింది. “మరి ముందు ఎట్టా తెలుసుద్ది?”

“నేల వేడెక్కుతుంది. ఏవో వాసనలొస్తాయి. జంతువులు ముందే వెళ్ళిపోతాయని కూడా అంటారు.”

రాఘవమ్మ వాకిట్లోకి చూసింది. ఇంట్లో ఈని నిన్నటిదాకా లోపలే ఉన్న పిల్లి, ఆ చలిలో, పిల్లల్ని నోట కరుచుకెళ్ళి ట్రాక్టరు కింద పెట్టుకుంది.

“జనం పోరా మరి?”

“పంట బాగా పండే నేలంట. వదిలిపెట్టి ఎక్కడికి పోతారు?” శ్రీరమ్య నవ్వింది. “పరీక్ష నువ్వే పెట్టేస్తున్నావే!”

రాఘవమ్మ చురుక్కుమన్నట్టు గోడ మీంచి చెయ్యి తీసేసింది. తలుపు సందుల్లోంచి కమురు వాసన వచ్చింది.

“అమ్మ ఏదో మాడబెట్టింది,” అంది శ్రీరమ్య పేజీ తిప్పుతూ.

రాఘవమ్మ ఆమె రెక్క పట్టుకుని వాకిట్లోకి లాగింది.

“ఏంటి నాయనమ్మా! అవతల వంటగదేగా?”

“పొయ్యి పెరట్లోకి మార్చి, వంటగదినిండా పత్తి పోసి, బరువు తూగాలని నీళ్ళు కొట్టాడే మీ నాన్న!”