ఎర్రంచు తలగుడ్డ

"ఆ సీట్లో కూచోవద్దక్కా. దిగు."

తిరుపాలమ్మ జీపు కమ్మీ పట్టుకుని వదలడం లేదు. ముందు సీట్లో కూచున్న యల్లమ్మకు ఒళ్లు మండింది. అది వాళ్లిద్దరి మొగుడు వీరన్న సీటు. పార్టీ మీటింగుకైనా, ఎదుటి వర్గంతో నడిచే ఖూనీ కేసు వాయిదాకైనా అతను అందులోనే పోతాడు. తిరుపాలమ్మ రెండో పెండ్లామై వచ్చినప్పటి నుంచి యల్లమ్మకు అతని పక్కన అరుగు మీద కూడా చోటు లేదు. పిల్లలు పుట్టలేదని ఆమెను గొర్రెల దొడ్డి పక్కన రేకుల కొట్టంలో పెట్టాడు.

ఇన్నాళ్లకు సర్పంచు సీటు ఆడవాళ్లకు వచ్చింది. నామినేషన్ పెద్దామె పేరు మీదే వేస్తామని వీరన్న ఊరందరి ముందర చెప్పాడు. నామినేషన్ వేసే మనిషే ముందర కూచోవాలని, తాను వెనక జీపులో వస్తానని అన్నాడు.

"కుళ్లా నీకు?" అంది యల్లమ్మ. "ఇన్నేండ్లు ఆయప్ప పక్కన నువ్వే కూచుంటివి గదా. ఒక్క దినం ఓర్చుకోలేవా?"

"కుళ్లు గాదక్కా..."

వీరన్న వస్తూ కనిపించేసరికి తిరుపాలమ్మ నోరు మూసుకుంది. కమ్మీ మీది చెయ్యి మాత్రం తియ్యలేదు. అతనే ఆ చెయ్యి విడిపించి ఆమెను పక్కకు నెట్టాడు. తాను ఎప్పుడూ కట్టే ఎర్రంచు తలగుడ్డ విప్పి, యల్లమ్మ తలకూ చెవులకూ తన చేతులతోనే చుట్టాడు.

"మంచు పడతాంది. నెత్తినొప్పి అంటాంటివి గదా" అన్నాడు.

యల్లమ్మకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎప్పుడో చెప్పిన మాట. విన్నాడన్నమాట.

జీపు కదిలింది. తిరుపాలమ్మ పక్కనే పరిగెత్తింది. "ఆ తలగుడ్డ తీసెయ్యక్కా, నీ కాళ్లు మొక్కుతా" అని ఏడ్చింది. దీనికి ఇది కూడా కంటగింపయిందని యల్లమ్మ ముడి ఇంకా బిగించుకుంది.

జమ్మలమడుగు రోడ్డు మీద శనగ చేలన్నీ మంచులో మునిగి ఉన్నాయి. ఈ పొద్దు మా లీడరు మీరే వదినా అని డ్రైవర్ నబీ రసూల్ ఎగతాళి చేస్తే యల్లమ్మ మొహం దాచుకుని నవ్వింది. సర్పంచునైతే నన్ను మళ్లీ ఇంట్లోకి పిలుస్తాడు, పొయ్యి ముందర నా పీట నాకిస్తాడు అనుకుంది. వచ్చేటప్పుడు చిన్నదానికి ఒక చీర తేవాలనుకుంది. పాపం, శానా ఏడ్చింది.

వంక దాటే మోరీ దగ్గర రోడ్డుకు అడ్డంగా ముళ్లకంప వేసి ఉంది. రసూల్ బ్రేకు తొక్కాడు.

"ఆయప్ప జీపు యాడ రసూలూ?"

రసూల్ అద్దంలో చూశాడు. మెడ తిప్పి మళ్లీ చూశాడు. "మన వెనక ఎవరూ లేరు వదినా."

మంచులోంచి ఎవరిదో గొంతు వినిపించింది.

"ముందర సీట్లో ఎర్రంచు తలగుడ్డ. వాడే, వెయ్యండి."